మెట్లు దిగి రావాలని: ప్రజావాణి అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములతో,

మూడు సోమవారాలు ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు రసీదులు తప్ప సమాధానం రానందున, నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లెలో పుట్టిన మా అమ్మ చిన్ననాటి నుంచి బోరు నీళ్లే తాగింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదన్న సంగతి ఆమెకు మోకాళ్లు బిగుసుకున్నాకే తెలిసింది. పింఛను విచారణకు పిలిస్తే, మీ కార్యాలయం మెట్లను ఆమె కూర్చునే, అరచేతులు ఆనించి ఒక్కొక్కటిగా ఎక్కింది. పైన బల్ల వెనకున్న ఉద్యోగి ఫైలు మీంచి తల ఎత్తకుండానే "వచ్చే వారం రమ్మనండి" అన్నారు, ఆమె ఎదురుగానే ఉండగా. ఆ మాటలో దురుసుతనం లేదు. మనిషిని చూడకపోవడమే ఉంది.

ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన, మా వైపు శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని 2003లో ఢిల్లీలో ప్రధాని వాజపేయి ఎదుట బల్లపై పడుకోబెట్టారు. కాగితాలు చెప్పలేనిది ఆ దేహం ఒక్క చూపులో చెప్పిందని నా నమ్మకం. తర్వాత మిషన్ భగీరథ నీళ్లు ఇంటి నల్లాకు వచ్చాయి, కాదనను. కానీ వంగిన ఎముక మంచినీళ్లతో తిన్నగా కాదు.

కాబట్టి నడవలేని వారి అర్జీలను వచ్చే నెల నుంచి కింది అంతస్తులోనే తీసుకోవాలని, వారి విచారణకు మీ సిబ్బందే నెలకొకసారి గ్రామానికి రావాలని, మా అమ్మ అర్జీకి పదిహేను రోజుల్లో లిఖితపూర్వక జవాబు ఇప్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అర్జీదారు కుమార్తె