ఇంటింటి చెత్త సేకరణపై చిత్తూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. నగరంలో ప్రతి ఇంటి నుంచీ చెత్తను ఒక క్రమపద్ధతిలో సేకరించే విషయమై మీకు ఒక మనవి. ఇలాంటి ప్రణాళిక అనగానే ఎన్ని ఆటోలు కావాలి, ఎన్ని డబ్బాలు పంచాలి అన్న లెక్కలే ముందుకొస్తాయి. వాటికన్నా ముందు తేలవలసింది బండి ఏ వీధికి ఎన్ని గంటలకు వస్తుందన్నదేనని నా అభిప్రాయం.

మిద్దెపైన అద్దెకుండే ఇల్లాలు పిల్లలకు క్యారియర్లు సర్ది, ఏడున్నర బస్సుకు తానూ పనికి వెళ్లిపోతుంది. ఎనిమిదింటికి వచ్చే బండి ఆ ఇంటికి రానట్టే లెక్క. ఇంట్లో ఉన్నవాళ్లయినా మైకు విని బకెట్టుతో మెట్లు దిగేలోపే, వెనక వాహనాల హారన్లకు తట్టుకోలేక డ్రైవరు సందు దాటించేస్తాడు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు. పొడిచెత్త వారం రోజులైనా గోనెసంచిలో పడి ఉంటుంది గానీ, అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు మన ఎండలకు రెండో రోజే కంపు కొడతాయి. అప్పుడు అన్నీ ఒకే కవరులో మూటకట్టుకుని చీకటి పడ్డాక కల్వర్టు పక్కకు చేరతాయి, అక్కడి నుంచి వానకు కొట్టుకుపోయి నీవా నదిలో కలుస్తాయి. తడి, పొడి వేరు చేసి ఇవ్వాలని ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పిన మాట వీగిపోయేది ఆ కవరులోనే. జనానికి అవగాహన లేదంటూ ఫ్లెక్సీలు కట్టించడం కన్నా బండి వేళ తప్పకుండా చూడడం చవక.

మామిడి కాలానికి ఈ వేళలు విడిగా ఆలోచించాలి. గుజ్జు పరిశ్రమల వ్యర్థాల సంగతి వేరు, దాన్ని ఇందులో కలపను. ఇంటి చెత్తబుట్టే ఆ రోజుల్లో తొక్కలతో, టెంకలతో బరువెక్కిపోతుంది. ఒక పూట ఆలస్యమైతే ఈగలు ముసురుతాయి. ఆ నెలల్లో రద్దీ వీధులకు సాయంత్రం రెండో విడత బండి ఉండాలి. తొక్కలు కంపోస్టు గుంతలో త్వరగానే మాగుతాయి, టెంకలు మాత్రం అంత త్వరగా కుళ్లవు కనుక వాటిని ఏరి పక్కన పెట్టించాలి.

2012లో నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు కలిసిన శివారు గ్రామాల్లో పరిస్థితి వేరు. ఆవులున్న ఇళ్లలో తొక్కలూ గంజీ కుడితితొట్టిలోకే పోతాయి, ఇవ్వడానికి మిగిలేది పొడిచెత్తే. అక్కడికి రోజూ ఆటో తిప్పి డీజిలు తగలేసేకంటే, రోజు విడిచి రోజు తోపుడు బండి చాలు. ఊరంతటికీ ఒకే నియమం పెట్టాలన్న పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు.

ఖర్చు మాట. 2021 అక్టోబరులో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం మొదలయ్యాక వసూలైన వినియోగ రుసుమును జనం చెత్త పన్ను అన్నారు, 2024లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ రాబడి పోయింది కాబట్టి రవాణా భారం తగ్గించుకోవడం తప్పనిసరి. ఇంటి చెత్తలో ఎక్కువ బరువు తడిచెత్తదే. దాన్ని స్థలం ఉన్నచోట డివిజన్‌లోనే ఎరువు చేస్తే డంపింగ్ యార్డుకు వెళ్లే ట్రిప్పులు తగ్గుతాయి. అయితే బండిలో రెండు అరలు లేకుండా ఇళ్లలో వేరు చేయమని అడగడం మాత్రం న్యాయం కాదు.

కాబట్టి మామిడి కాయలు దిగేలోపు, బజారు వీధులున్నది ఒకటి, శివారులోది ఒకటి చొప్పున రెండు డివిజన్లు ఎంచుకుని ఈ పద్ధతిని పరీక్షించవలసిందిగా కోరుతున్నాను. వీధివారీ వేళలనూ, పారిశుద్ధ్య మేస్త్రీ ఫోన్ నంబరునూ వార్డు సచివాలయం గోడ మీద రాయించండి. సెలవు పెట్టిన కార్మికుడి స్థానంలో ఎవరు రావాలో ముందుగానే నిర్ణయించి, ఆ పేరు కూడా మేస్త్రీ దగ్గర ఉండేలా చూడండి.

ఇట్లు,
చిత్తూరు నగరవాసి