శిక్షణ లేకుండా పైలట్ వైఖరి మారదు

సంపాదకులకు,

ఔత్సాహికులు సొంతంగా తయారుచేసుకునే ప్రయోగాత్మక విమానాల గురించి మీరు ప్రచురించిన వ్యాసం ప్రమాదాలకు మూలం పైలట్ల వైఖరేనని, పునశ్చరణ శిక్షణతో ఒరిగేది తక్కువని తేల్చింది. ఈ రెండింటినీ అలా విడదీసి చూడటంతో నేను ఏకీభవించలేను.

అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో మరణించినప్పుడు ఆయనకు 2,700 గంటలకు పైగా విమానం నడిపిన అనుభవం ఉంది. అయితే అది ఆయన కొత్తగా కొనుక్కున్న, మరొకరు తయారుచేసిన లాంగ్ ఈజీ విమానం. ఇంధన ట్యాంకును మార్చే పిడి అందులో పైలట్ ఎడమ భుజం వెనుక ఉంది. దాన్ని అందుకునే ప్రయత్నంలో ధ్యాస మళ్లి, తెలియకుండానే కుడి రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే) పెడల్‌ను నొక్కడంతో విమానం అదుపు తప్పిందని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి నిర్ధారించింది. ఇంధనం నింపుకోకుండా బయలుదేరడాన్ని వైఖరి లోపమే అనుకున్నా, ఆ రకం విమానంలో తగిన శిక్షణ లేకపోవడాన్ని కూడా మండలి ప్రమాదానికి దోహదపడిన అంశాల్లో చేర్చిందన్న సంగతి మరువరాదు. 2011లో దర్యాప్తు చేసిన ఇటువంటి ప్రయోగాత్మక విమానాల ప్రమాదాల్లో సగానికి పైగా ఇతరుల నుంచి కొన్న విమానాలవేనని అదే మండలి అధ్యయనంలో తేలింది.

'నాకేమీ కాదు' అన్న ధీమా ప్రమాదకరమని పాఠ్యపుస్తకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అయితే ఆ ధీమా ఉన్నవారు ఆ హెచ్చరిక ఇతరుల కోసమే అనుకుంటారు. సురక్షితమైన ఎత్తులో శిక్షకుడు ఇంజిన్ శక్తిని తగ్గించి, రన్‌వే వైపు మళ్లించమని అడిగినప్పుడు, ఆ మలుపు పూర్తయ్యేలోగా ఎన్ని అడుగుల ఎత్తు కోల్పోయారో ఎత్తును చూపే ఆల్టీమీటర్‌లో కళ్లారా చూసిన పైలట్ మాత్రం, టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగిపోతే తగినంత ఎత్తు లేకుండానే వెనక్కి తిరగాలన్న తొందరపాటును అణచుకోగలడు. వైఖరి మారేది అక్కడేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమెరికా నిబంధనల ప్రకారం 24 నెలలకోసారి జరిగే పైలట్ నైపుణ్య సమీక్షకు కనీసం ఒక గంట పాఠం, ఒక గంట విమానయానం చాలు. అదీ పైలట్ సొంత విమానంలోనే జరగాలన్న షరతు లేదు. సాధారణ శిక్షణ విమానంలో ఆ గంట పూర్తిచేసి, పూర్తి భిన్నంగా స్పందించే తన విమానంలోకి మర్నాడే ఎక్కవచ్చు. రెండు సీట్లుంటే సమీక్ష ఆ విమానంలోనే జరగాలని, ఒకే సీటున్నవాటికి దాన్ని పోలిన విమానంలో జరగాలని నిబంధన మార్చడం అవసరం.

ఇట్లు,
ఒక పాఠకుడు