గేర్‌బాక్స్ రొదను ఆయిల్‌తో కప్పొద్దు

సంపాదకులకు,

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఘాట్‌రోడ్లలో ఇరవయ్యేళ్లు దాటిన 100 సీసీ బళ్లు ఇంకా సంతల బరువు మోస్తున్నాయి. గేర్‌బాక్స్ రొద పెడితే కొందరు చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు అణిచేస్తున్నారు. ఇది ప్రమాదం. పగిలిన బేరింగ్ గోళీ గేరు పళ్లలో పడితే దిగుడులో వెనక చక్రం పట్టేస్తుంది.

న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా క్లచ్ పట్టండి. గరగర ఆగితే క్లచ్ వైపు షాఫ్టు బేరింగ్‌ని అనుమానించాలి. క్లచ్ బాస్కెట్ (క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నె) వదులైనా ఇలాగే ఉంటుంది, అదీ చూడాలి. రొద బండి వేగంతో పెరిగితే చైన్ విప్పి, మొదట వెనక చక్రం చేత్తో తిప్పి చూడండి. అది బాగుంటే ముందువైపు స్ప్రాకెట్‌ని (చైన్ తిరిగే పళ్లచక్రం) పైకీ కిందకీ కదపండి. వదులు తగిలితే ఆ షాఫ్టు బేరింగ్ అరిగినట్టే. ఆయిల్ వేడిగా ఉండగా తెల్లగుడ్డ మీదుగా దించండి. బూడిదరంగు మెత్తటి పొడి మామూలే. వేలికి గుచ్చుకునే మెరుపు రేకులొస్తే గేర్‌బాక్స్ కేసు (పైపెట్టె) విప్పాల్సిందే.

సుత్తి మాత్రం వద్దు. పెట్రోల్‌తో కడిగిన కేసు పూర్తిగా ఆరాక, నీటిచుక్క చుయ్‌మనేలా దాదాపు 100 డిగ్రీలకు వేడి చేస్తే పాత బేరింగ్ జారి వస్తుంది. కొత్తదాన్ని రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి, బయటి రింగు మీదే ఒత్తి దించాలి. లోపలి రింగు మీద కొడితే గోళీల దారిలో గుంటలు పడి కొత్త బేరింగే అరుస్తుంది. పాతదాని మీద నంబరుతో పాటు సీ3 (లోపల కాస్త ఎక్కువ వదులుండే రకం) అని ఉంటే అదే కొనాలి. సీలు, ప్యాకింగ్ కూడా కొత్తవే.

అతిగా బిగించిన చైనే ఈ బేరింగ్‌లను ఎక్కువగా తినేస్తుంది. వాగు దాటాక ఆయిల్ పాలలా తెల్లబడితే ఆ రోజే మార్చేయండి.

– ఒక మెకానిక్, గుణుపురం, రాయగడ జిల్లా