పనస మొద్దు అమ్మేయకు నాన్నా

ఎడ్మంటన్, కెనడా,
2025 నవంబరు 16

నాన్నా,

మొన్న ఆదివారం ఫోన్‌లో మాటల మధ్య చెప్పావు, పశువుల పాక కింద ఉన్న పనస మొద్దుకి బేరం వచ్చిందని, పాతపట్నం నుంచి ఒకాయన వచ్చి చూసుకుని వెళ్లాడని, ద్వారబంధాలకి బాగుంటుందన్నాడని. నేను ఊఁ అని ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో అమ్మ అందుకుని అన్నం తిన్నావా అని అడుగుతుంది, అసలు మాట అలాగే ఉండిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆ మొద్దు అమ్మేయకు. నాకు కావాలి. దేనికో, ఎంత కావాలో, ఎలా కోయించాలో అంతా రాస్తాను. ఓపిగ్గా చదువు.

నేను గిటార్లు చేస్తున్న సంగతి మీకు తెలుసు. ఆఫీసు అయ్యాక ఏదో కాలక్షేపం అనుకున్నారు, నేనూ అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు, వాయిద్యాలు బాగుచేస్తారు. నాలుగేళ్ల కిందట ఒక చలికాలం ఆయన గుమ్మం ముందు మంచు తీసిపెట్టడానికి వెళ్లి, ఆయన గ్యారేజీలో గోడకి వేలాడుతున్న పలచటి పలకలు చూసి అక్కడే ఉండిపోయాను. ఆ పలకల్లో ఒకటి తీసి రెండు వేళ్లతో పైనుంచి పట్టుకుని, వేలి కణుపుతో కొట్టి, నా చెవి దగ్గర పెట్టారు. మూడు మిల్లీమీటర్ల స్ప్రూస్ చెక్క, చలి దేశాల్లో పెరిగే చెట్టుది. గుడిలో గంట ఆగాక మిగిలే మోతలాంటిది చాలాసేపు వినిపించింది. చెక్కలో అంత శబ్దం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పటి నుంచి శని, ఆదివారాలు అక్కడే.

ఇప్పటికి రెండు చేశాను. మొదటిదానికి 14 నెలలు పట్టింది.

ఇందులో అన్నిటికన్నా కష్టమైన పని పక్కలు వంచడం. గిటార్‌కి నడుము ఉంటుంది కదా, ఒక్కో పక్కా ఆ వంపంతా ఒకే పలకతో రావాలి. రెండు మిల్లీమీటర్ల మందాన చిత్రిక పట్టిన పలకని తడిపి, లోపల మంట పెట్టిన ఇనప గొట్టం మీద ఆనించి వంచాలి. గొట్టం మీద నీటి చుక్క వేస్తే నిలవకుండా గెంతాలి, అంత వేడి. మొదట చెక్క అస్సలు లొంగదు, చేతుల్ని ఎదురు తోస్తుంది. తొందరపడితే టక్కున విరుగుతుంది, నడుం దగ్గరే. నేను ఒకటి విరగ్గొట్టాను కూడా. తొందరపడకుండా అటూ ఇటూ మెల్లగా జరుపుతూ ఉంటే, ఒక క్షణంలో ఆ ఎదురు తోపు ఆగిపోతుంది. అరచేతికి తెలుస్తుంది. కర్రలో నార పోగుల్ని అతికి పట్టుకునే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడిందన్న మాట. అప్పుడు వంచి, చల్లారే దాకా కదపకుండా పట్టుకుంటే మళ్లీ బిగుసుకుంటుంది, ఇక ఆ వంపు ఉండిపోతుంది.

మొదటిసారి అది చేతికి తెలిసినప్పుడు నాకు గుర్తొచ్చింది కొమ్ము పనివాళ్ల ఇల్లు. నీ శిష్యుడి నాన్నగారి దగ్గరికి సాయంత్రం పూట నన్ను తీసుకెళ్లేవాడివి. నువ్వు అరుగు మీద కూర్చుని ఆ అబ్బాయికి లెక్కలు చెప్పేవాడివి, నేను లోపల ఆయన పక్కన. గేదె కొమ్ముకి నూనె పూసి, బొగ్గుల మీద తిప్పి తిప్పి కాచి, పట్టకారుతో లాగి కొంగ మెడ తీసేవారు. కొమ్ము కాలే ఆ వాసన నీకూ గుర్తుండే ఉంటుంది. వేడి ఉన్నంతసేపే ఇది మన మాట వింటుంది బాబూ అని ఒడియాలో అనేవారు. ఎడ్మంటన్‌లో మైనస్ 25 చలిలో ఒక గ్యారేజీలో నిలబడి, నేను ఎప్పుడూ ఊరు వదల్లేదు అనిపించింది.

ఇక ఇది లెక్కల మాస్టారికి. వీణకి మెట్లు ఉన్నట్టే గిటార్‌కీ ఉంటాయి. మన వీణలో 24 మెట్లు మైనం మీద పెట్టి, చెవితో వింటూ జరిపి నిలబెడతారు. గిటార్‌లో ముందే కొలిచి గాడి కోసెయ్యాలి, తరవాత జరపడానికి ఉండదు. తీగ పొడవు 25.4 అంగుళాలు అనుకో. దాన్ని 17.817తో భాగిస్తే 1.4256 వస్తుంది. అంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవుని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది. ఇలా 12 సార్లు చేస్తే సరిగ్గా సగం, 12.7 అంగుళాలు మిగులుతుంది. అదే పై స్థాయి షడ్జమం. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో నీకు చెప్పక్కర్లేదు, రెండుకి పన్నెండో మూలం తీసుకుని చూడు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ లూట్ అనే తీగ వాద్యం వాయించేవాడు. ఆయన 16వ శతాబ్దంలో 18తో భాగించమన్నాడు. 12 సార్లు చేసి చూడు, సగం కన్నా కాస్త ఎక్కువే మిగులుతుంది. కాగితం, పెన్సిలు తీసుకుని నువ్వు ఈ పాటికి మొదలుపెట్టే ఉంటావు.

మొదటి గిటార్ గురించి మీకు చెప్పని విషయం ఒకటి ఉంది. అది పగిలింది. ఇక్కడ చలికాలం బయట మైనస్ 30కి పోతుంది, ఇంట్లో రాత్రీ పగలూ హీటరు. ఆ గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు. కర్ర ఆ గాలికి లోపలి తేమంతా వదిలేసి అడ్డంగా కుంచించుకుపోతుంది. అంచులు జిగురుతో బిగించి ఉంటాయి, కుంచించుకోవడానికి చోటు లేదు, పైగా ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైగా బరువుతో లాగుతున్నాయి. జనవరిలో ఒక రాత్రి హాల్లో టప్‌మని చప్పుడైంది. లేచి లైటు వేసి చూస్తే, తీగలు బిగించే గుర్రం దగ్గర నుంచి కింది అంచు దాకా వెంట్రుకంత నెర్రె. చాలాసేపు దాని ముందే కూర్చున్నాను. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. వారం రోజులు తేమ గాలిలో ఉంచితే నెర్రె దానంతటదే మూసుకుంది. లోపలి నుంచి ఐదు చిన్న స్ప్రూస్ బిళ్లలు తోలు జిగురుతో అతికించాం. ఇప్పుడు మోగుతోంది. అప్పటి నుంచి ఇంట్లో తేమ కొలిచే మీటరు పెట్టాను, 45 దగ్గర ఉంటేనే నాకు ఊపిరి ఆడుతుంది.

రెండోదానికి వెనకా, పక్కలూ ఇండియన్ రోజ్‌వుడ్. మన ఇరుగుడే నాన్నా. ఇక్కడ చెక్కల దుకాణంలో దాని మీద ఇండియా అని చీటీ చూసి చేత్తో తడిమాను. అమెరికాలో గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి మన ఇరుగుడుకి మారింది, ఆ తరవాత చాలామంది అదే దారి. 2017 జనవరి నుంచి ఆ జాతి కర్రలు దేశం దాటాలంటే పర్మిట్లు కావాలి. గిటార్ చాలా బాగా వచ్చింది, లోతైన గొంతు. కానీ ఏ అడవిదో, ఎవరు కొట్టారో నాకు తెలియదు. వాయిస్తున్నప్పుడు ఆ సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది.

మూడోది మన పనసతో చేస్తాను.

వెనక చెక్క ఏదైతే ఏముంది, మోగేది పై పలకే కదా అని ఇక్కడ కొందరు అంటారు. అందులో నిజం ఉంది. స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ అని వడ్రంగం నుంచి వచ్చిన గొప్ప పనివాడు 1862లో ఒక గిటార్ చేశాడు. పై పలక మంచి స్ప్రూస్, వెనకా పక్కలూ అట్ట, కాగితపు అట్ట. అది బాగా మోగిందని చెబుతారు. ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. కాబట్టి పనస అయితేనే గిటార్ మోగుతుందని నీకు అబద్ధం చెప్పను. కానీ బొబ్బిలి వాళ్లు వీణని పనస మొద్దుతోనే ఎందుకు తొలుస్తారు? బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి నుంచి తెప్పించిన అత్త వీణ కుండ, దండి, అంతా ఒకే మొద్దులోంచి వచ్చినది. చిన్నప్పుడు అత్త వాయిస్తుంటే నేను ఆ కుండకి చెంప ఆనించి కూర్చునేవాణ్ణి. మంద్రంలో తీగ మీటితే పళ్లలో తెలిసేది. ఆ కర్ర నాకు తెలుసు. తేలిక, చేవకి పురుగు పట్టదు, కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడుతుంది. బర్మాలో బౌద్ధ భిక్షువుల బట్టలకి ఈ కర్రతో రంగు వేసేవారు.

అదీ కాక, అది నానమ్మ చెట్టు. తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబరు 11 నాకు బాగా గుర్తు. పలాస దగ్గర తీరం దాటిందని ఇక్కడ వార్తల్లో చూసి ఫోన్ చేస్తే కలవలేదు. మూడు రోజులు కలవలేదు. నాలుగో రోజు నువ్వే చేశావు. మొదటి మాట, అందరం బాగున్నాం. రెండో మాట, పనస చెట్టు పోయింది. బారాఘరలో కొండచరియ కింద పోయిన వాళ్ల ముందు మన చెట్టు ఎంత అని నువ్వే మళ్లీ అన్నావు. కానీ గొంతు వణికింది, నేను విన్నాను. కొమ్మలన్నీ పొయ్యికి ఇచ్చేసి, మొద్దుని మాత్రం ఐదేసి అడుగుల రెండు ముక్కలు చేయించి, ఇటుకల మీద ఎత్తి పాక కిందకి దొర్లించింది నువ్వే. అమ్మని పొయ్యిలో పెట్టలేను అన్నావు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మన ఇంట్లో మళ్లీ ఆ రుచి రాలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇన్నేళ్లూ దాచింది నువ్వు. ఇప్పుడు డబ్బు అవసరమై అమ్ముదామనుకుంటే ఆ డబ్బు నేను పంపిస్తాను, మొహమాటపడకు.

నాకు కావలసింది ఎక్కువేం కాదు. మూడడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, అంగుళం మందం పలకలు నాలుగు. సంక్రాంతి వెళ్లాక గాలి పొడిగా ఉన్నప్పుడు కోయించు. మిల్లుకి పంపే ముందు మేకులు చూసుకో. బట్టల తీగ కోసం నువ్వు ఆ చెట్టుకి కొట్టిన మేకులు లోపల ఎక్కడో ఉంటాయి, రంపం పాడైతే వాళ్లకి నష్టం. పైనున్న తెల్ల కర్ర పురుగు తినేసి ఉంటే బెంగ వద్దు, లోపలి చేవ ఉంటే చాలు.

కోత మాత్రం నువ్వు దగ్గరుండి చెప్పాలి. వాళ్లు అలవాటుగా మొద్దుని పైనుంచి కింద దాకా వరసగా పలకలు కోసేస్తారు. అలా వద్దు. ముందు నడిబొడ్డు మీదుగా నిలువునా నాలుగు బద్దలు చేయమను. ఒక్కో బద్ద నుంచి పలక తీసేటప్పుడు, పలక కొస వైపు చూస్తే చెట్టు వలయాలు నిటారుగా నిలబడ్డ గీతల్లా కనపడాలి, పడుకున్నట్టు కాదు. కర్ర ఆరేటప్పుడు వలయాల వెంబడి కుంచించుకునేది, వాటికి అడ్డంగా కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. నిటారుగా ఉంటే పలక వంకర పోదు. ఇలా కోస్తే కర్ర వృథా అవుతుందని మిల్లులో అంటారు. అవనీ. ఒడియాలో మెత్తగా చెప్పి, అదనంగా ఎంత అడిగితే అంత ఇచ్చెయ్.

కోసిన రోజే కొసలకి పాత పెయింటు దట్టంగా పూయించు. కర్ర కొసల నుంచే త్వరగా ఆరి బీటలు వారుతుంది. తరవాత వీధి గదిలో, ఎండ తగలని చోట, పలకకీ పలకకీ మధ్య అడుగున్నరకి ఒక పుల్ల పెట్టి పేర్చి, పైన నాలుగు ఇటుకలు పెట్టు. నేను వేసవిలో వచ్చినప్పుడు తెచ్చుకుంటాను, కాగితాల సంగతి నేను చూసుకుంటాను. ఇక్కడికి వచ్చాక ఈ పొడి గాలికి ఇంకో ఏడాది అలవాటు పడాలి, అప్పుడే ముట్టుకుంటాను. మిగిలిన మొద్దు ఆ పాతపట్నం ఆయనకి ఇచ్చెయ్, ద్వారబంధాలుగా ఎవరింట్లోనో నిలబడుతుంది, మంచిదే.

వీలైతే ఇంకొకటి. కొమ్ము పని వాళ్లలో ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారేమో కనుక్కో. తీగల్ని గుర్రంలో బిగించే చిన్న గూటాలు ఆరు కావాలి, అంగుళం పొడవు. కొలతలు బొమ్మ వేసి ఇంకో కాగితం మీద పెట్టాను.

అమ్మ మోకాళ్లకి నూనె రాసుకోమను, మందులు ఆపొద్దని చెప్పు. కోత రోజు అత్తని కూడా మిల్లుకి తీసుకెళ్లు, కర్ర ఎలా ఉందో ఆవిడ చెబుతుంది. మొదటి పలక చేతికి రాగానే నాకు ఫోన్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే. పలకని పై అంచు దగ్గర రెండు వేళ్లతో వేలాడదీసి పట్టుకో, అత్తని వేలి కణుపుతో నడిమధ్య ఒక్కసారి కొట్టమను, ఫోన్ దగ్గరగా పెట్టు. ఎవరూ ఏమీ మాట్లాడొద్దు, నేను వింటాను.

నీ
చిన్నోడు