పీఠికకు రూపమిచ్చింది జెఫర్సన్ కాదు

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం వస్తే చాలు, వ్యాసాల్లోనూ గ్రూప్స్ అభ్యర్థుల గైడ్లలోనూ ఒక తప్పు మళ్లీ తొంగిచూస్తుంది. మన పీఠిక ఆరంభానికి ఒరవడి అయిన, అమెరికా రాజ్యాంగ పీఠికలోని ‘వియ్ ద పీపుల్’ (ప్రజలమైన మేము) థామస్ జెఫర్సన్ కలం నుంచి వచ్చిందంటారు. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ నడుస్తుంటే జెఫర్సన్ పారిస్‌లో అమెరికా రాయబారి. ఆయన రాసింది 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన.

ఆ మాటలకు ఇప్పుడున్న రూపమిచ్చినవాడు గవర్నీర్ మోరిస్. గవర్నీర్ అంటే పదవి కాదు, తల్లి పుట్టింటి పేరు. న్యూయార్క్‌లో పంతొమ్మిదేళ్లకే ప్లీడరయ్యాడు. 1780లో గుర్రబ్బండి ప్రమాదంలో ఎడమ కాలు పోతే కర్రకాలుతోనే తిరిగాడు. సభలో పెన్సిల్వేనియా తరఫున కూర్చుని, అందరికంటే ఎక్కువగా 173 సార్లు మాట్లాడాడు.

ఆగస్టు 6 నాటి ముసాయిదాలో ‘ప్రజలమైన మేము’ అన్న మాట ఉంది. కానీ దాని వెంటే న్యూహ్యాంప్‌షైర్ మొదలు జార్జియా దాకా పదమూడు రాష్ట్రాల పేర్లూ ఉన్నాయి. రాజ్యాంగం ఎందుకోసమో చెప్పే లక్ష్యాలు లేవు. సెప్టెంబరు 8న ఐదుగురి కమిటీకి భాష సరిదిద్దే పని అప్పగించారు. కలం మోరిస్ చేతికొచ్చింది. నాలుగు రోజుల్లో 23 అధికరణలు 7 అయ్యాయి. రాష్ట్రాల జాబితా ఎగిరిపోయింది, న్యాయం, శాంతి, ఉమ్మడి రక్షణ వంటి ఆరు లక్ష్యాలు చేరాయి.

జాబితా తీసేయడం అలంకారం కోసం కాదు. ఏడో అధికరణ ప్రకారం రాజ్యాంగం అమల్లోకి రావడానికి తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు. ఆ తొమ్మిది ఏవో ముందే ఎవరికి తెలుసు? రోడ్ ఐలాండ్ అసలు ప్రతినిధినే పంపలేదు. పేర్లు అలాగే ఉంచితే మొదటి వాక్యమే అబద్ధమయ్యేది. చివరికి 1789 ఏప్రిల్‌లో వాషింగ్టన్ ప్రమాణం చేసేనాటికి పదకొండు రాష్ట్రాలే చేరాయి. రోడ్ ఐలాండ్ 1790 మే దాకా రాలేదు. ఈ మార్పు బరువు ప్రత్యర్థులకు వెంటనే తెలిసింది. ‘రాష్ట్రాలం’ అనకుండా ‘ప్రజలం’ అనే అధికారం మీకెవరిచ్చారని 1788లో రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని తేల్చే వర్జీనియా సభలో పాట్రిక్ హెన్రీ నిలదీశాడు.

మోరిస్ కలాన్ని గుడ్డిగా నమ్మడానికీ లేదు. పన్నుల క్లాజులోని ‘సాధారణ సంక్షేమం’ మాటలను విడి పేరాగా మార్చబోయారని, దాంతో అది పన్నులతో నిమిత్తం లేని విడి అధికారంగా మారిపోయేదని, కనెక్టికట్ ప్రతినిధి పట్టుకుని సరిచేయించాడని 1798లో ప్రతినిధుల సభలో ఆ సభ సభ్యుడు ఆల్బర్ట్ గాలటిన్ ఆరోపించాడు. అతను పేరు చెప్పలేదు. పెన్సిల్వేనియా సభ్యుడి పని అన్నాడంతే.

ఇంకో విడ్డూరం. ‘ప్రజలం’ అని రాసిన ఈ మనిషే, సొంత భూమి ఉన్నవాళ్లకే ఓటుండాలని ఆగస్టు 7న వాదించి ఓడిపోయాడు. ఆస్తి లేనివాడికి ఓటిస్తే ధనికుడికి అమ్ముకుంటాడని ఆయన భయం. (మన ఎన్నికల్లో కవర్లు పంచేవాళ్లు ఇది చదివితే సంబరపడతారేమో!) ఆ మర్నాడే, ఆగస్టు 8న, బానిసత్వాన్ని సభలో అందరికంటే ఘాటుగా దుయ్యబట్టిందీ ఆయనే.

రాజ్యాంగం తన వేళ్లే రాశాయని మోరిస్ 1814 నాటి ఉత్తరంలో చెప్పుకున్నాడు. శైలికి, కూర్పుకు తుదిమెరుగు అతనిదేనని ఆ రాజ్యాంగ సభలో తోటి ప్రతినిధి అయిన జేమ్స్ మాడిసన్ కూడా 1831లో ఒప్పుకున్నాడు. ఇక ఫొటోల్లో కనిపించే ఆ పెద్ద అక్షరాలు మోరిస్‌వీ కావు. తోలు కాగితం మీద వాటిని దిద్దినవాడు పెన్సిల్వేనియా శాసనసభ గుమాస్తా జేకబ్ షాలస్. కూలి 30 డాలర్లు. కాబట్టి ప్రశ్నపత్రం తయారుచేసేవారు ‘ఎవరు రాశారు’ అని అడగకుండా ‘తుది ముసాయిదాకు రూపమిచ్చిందెవరు’ అని అడిగితే, కీ మీద అభ్యంతరాలకు తావుండదు.

— ఒక పాఠకుడు, తెనాలి