నెట్‌వర్క్ ఆగితే కారు సేవల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్నెట్ కార్లను హనుమకొండ షోరూముల్లో జోరుగా అమ్ముతున్నారు గానీ, లోపలి మోడెమ్ (కారును మొబైల్ నెట్‌వర్క్‌కు కలిపే పరికరం) ఏ తరం నెట్‌వర్క్‌పై ఎన్నేళ్లు పనిచేస్తుందో రాతపూర్వకంగా చెప్పడం లేదు. అమెరికాలో 2022లో ప్రధాన టెలికాం సంస్థలు 3జీని మూసివేసినప్పుడు, ఇంజిన్, బ్రేకులు బాగానే ఉన్నా, మోడెమ్ మార్చని అనేక పాత కార్లలో ప్రమాద సమయంలో దానంతటదే వెళ్లే అత్యవసర కాల్, ఫోన్‌తో తలుపులు తెరిచే సౌకర్యం నిలిచిపోయాయి. ఐరోపాలో 2018 నుంచి కొత్త మోడళ్లకు తప్పనిసరి చేసిన ఈకాల్ (ప్రమాదం జరిగితే దానంతటదే అత్యవసర కాల్ చేసే వ్యవస్థ) కూడా తొలుత 2జీ, 3జీల మీదే ఆధారపడింది. సెల్‌ఫోన్ పాతబడితే మనమే మార్చుకుంటాం; డ్యాష్‌బోర్డు వెనుక బిగించిన మోడెమ్ యజమాని చేతిలో లేదు. జనగామ దాటాక రాత్రివేళ ప్రమాదం జరిగితే, స్పృహ తప్పినవారి తరఫున కబురు చేసేది అదే. సొంత కారు రిజిస్ట్రేషన్ చెల్లే 15 ఏళ్లూ, నెట్‌వర్క్ మారితే మోడెమ్‌ను కంపెనీయే తన ఖర్చుతో మార్చేలా కేంద్ర రవాణా శాఖ నిబంధన తేవాలి.

— ఒక పాఠకుడు, హనుమకొండ