సీసపు గోడ ఒక్కటే చాలదు

సంపాదకులవారికి,

అణు జలాంతర్గాములపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం, రియాక్టర్ చుట్టూ మందమైన సీసపు గోడ ఉంటుంది కనుక నావికులకు భయం లేదని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ముప్ఫై ఏళ్లు ఎక్స్‌రే గదిలో సీసపు ఏప్రన్ మోసినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సీసం గామా కిరణాలను బాగా అడ్డుకుంటుంది కానీ, రియాక్టర్‌లోంచి వేగంగా దూసుకొచ్చే న్యూట్రాన్లనే కణాల విషయంలో దాని బలం అంతంతమాత్రమే. బరువైన సీసపు పరమాణువును తాకిన న్యూట్రాన్, బండరాయికి తగిలిన గోలీలా, వేగం పెద్దగా తగ్గకుండానే పక్కకు మళ్లుతుంది. దాదాపు తనంత బరువే ఉన్న హైడ్రోజన్‌ను తాకినప్పుడే నెమ్మదిస్తుంది. అందుకే కవచంలో హైడ్రోజన్ ఎక్కువగా ఉండే నీళ్లు, పాలిథిలిన్ అనే ప్లాస్టిక్, నెమ్మదించిన న్యూట్రాన్లను పీల్చుకోవడానికి బోరాన్ వాడతారు. అలా పీల్చుకునేటప్పుడు మళ్లీ గామా కిరణాలు పుడతాయి కనుక సీసమో ఉక్కో తప్పదు. రియాక్టర్‌లో తిరిగే నీటిలోని ఆక్సిజన్ నుంచి నైట్రోజన్-16 తయారవుతుంది; దాని అర్ధజీవితకాలం (అందులో సగం నశించడానికి పట్టే సమయం) సుమారు 7 సెకన్లే అయినా దాని గామా కిరణాలు చాలా తీవ్రమైనవి, కాబట్టి ఆ నీళ్లు వెళ్లి ఆవిరి తయారుచేసే భాగానికీ మరో కవచం కావాలి. నేలమీద అయితే ఎంత మందం కాంక్రీటైనా పోసుకోవచ్చు. ఓడలో ప్రతి టన్నూ లెక్కే.

మందం కన్నా సందులే ప్రమాదకరం. జపాన్ అణునౌక ముత్సు 1974 సెప్టెంబరు 1న పసిఫిక్ సముద్రంలో పరీక్షలో ఉండగా, రియాక్టర్ పూర్తి సామర్థ్యంలో రెండు శాతమైనా అందుకోకముందే, రియాక్టర్ పాత్రకూ కవచానికీ నడుమ ఉన్న ఖాళీ గుండా న్యూట్రాన్లు బయటపడ్డాయి. వాటిని ఆపడానికి సిబ్బంది బోరాన్ కలిపిన అన్నం వాడారట! మత్స్యకారులు అడ్డుపడడంతో అక్టోబరు మధ్యవరకు ఓడ రేవుకు చేరలేకపోయింది.

నేను పనిచేసిన ఆసుపత్రిలో ఏప్రన్లను కుర్చీ వీపు మీద మడిచి పడేసేవారు. ఒకదాన్ని ఫ్లోరోస్కోపీ (ఎక్స్‌రే బొమ్మను అప్పటికప్పుడు తెరమీద చూపే యంత్రం) కింద పరిచి చూస్తే, పైకి చెక్కుచెదరకుండా కనిపించిన ఆ ఏప్రన్‌లో సరిగ్గా మడత పడినచోటే సన్నని వెలుగు గీత కనిపించింది; అంటే అక్కడ సీసం చిట్లి కిరణాలు దాటిపోతున్నాయన్నమాట. ఓడలోనూ గొట్టాలు, కేబుళ్లు కవచం దాటే దారులను తిన్నగా కాక వంకర తిప్పి పెట్టేది కిరణాలు ఇలాంటి సందుల గుండా నేరుగా బయటపడకూడదనే.

2009లో విశాఖలో జలప్రవేశం చేసిన మన అణు జలాంతర్గామి అరిహంత్ కవచం వివరాలు రహస్యంగా ఉండడం సహజమే. ముత్సు కథలో రహస్యమేమీ లేదు కనుక, తిరుపతి ఐఐటీ, ఐసర్ అధ్యాపకుల్లో ఎవరిచేతనైనా దాని గురించి బొమ్మలతో సహా ఒక వ్యాసం రాయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత రేడియోగ్రాఫర్,
చిత్తూరు